మత్తు డాక్టరు "మీరు వైశ్యులా?" అని ఎందుకు అడిగారు?

స్వాతి_తెనాలి

అందరికీ నమస్కారం. అమ్మకి గాల్ బ్లాడర్‌లో రాళ్లు, వచ్చే వారం లాపరోస్కోపీ. నిన్న ఆపరేషన్ ముందు చెకప్‌కి తీసుకెళ్లాం. మత్తు డాక్టరు బీపీ, షుగరు చూశారు, నోరు తెరిపించి పళ్లు చూశారు, మెడ వెనక్కి వంచమన్నారు. అంతా అయ్యాక "ఏమనుకోకండమ్మా, మీరు వైశ్యులా?" అని అడిగారు. అమ్మ ముఖం మాడిపోయింది. ఆస్పత్రిలో కులంతో ఏం పని?

తర్వాత ఆయనే "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక ఎంతకీ ఊపిరి అందక మిషన్ మీద పెట్టారా?" అంటే మా మేనమామ సంగతి గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కింద ఆయనకి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. గంటలో బయటికి తెస్తామన్నవాళ్లు సాయంత్రందాకా తేలేదు. మత్తు ఎక్కువిచ్చేశారని, ఏదో దాస్తున్నారని మావాళ్లు పెద్ద గొడవ చేశారు. మామయ్య ఇప్పటికీ ఒక మాట అంటుంటాడు: "నాకన్నీ వినపడుతూనే ఉన్నాయే, కన్ను మాత్రం తెరవలేకపోయాను" అని. కలగన్నాడనుకున్నాం.

అమ్మకి సూడోకోలినెస్టరేజ్ అని రక్తపరీక్ష రాశారు. ఇదేం జబ్బు? వంశపారంపర్యమా? తమ్ముడికి ఆ మామయ్య కూతురినే అనుకుంటున్నాం. నాన్న అప్పుడే "ఆ సంబంధం వద్దులే" అంటున్నారు. ఇంట్లో రెండ్రోజులుగా ఎవరికీ సరిగా మాటల్లేవు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

మాధవి_అనస్థీషియా

స్వాతి గారూ, మీ మామయ్య కలగనలేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజమై ఉండొచ్చు. ముందు ఆయనకి ఆ మాట చెప్పండి, ఇన్నేళ్లూ ఎవరూ నమ్మలేదని ఎంత బాధపడ్డారో.

జనరల్ అనస్థీషియాలో నిద్రకి ఒక మందు, కండరాలు వదులు కావడానికి ఇంకో మందు ఇస్తాం. గొంతులోకి ట్యూబు వెయ్యాలంటే కండరాలు పూర్తిగా వదలాలి. దానికి వాడే మందుల్లో పాతది, చాలా వేగంగా పనిచేసేది సక్సినైల్‌కోలిన్. థియేటర్లో మేమంతా స్కోలిన్ అంటాం. ఇచ్చిన కొన్ని క్షణాలకి కనురెప్పల దగ్గర, భుజాల మీద కండరాలు సన్నగా అదురుతాయి, నిమిషంలోపే ఒళ్లంతా వదిలేస్తుంది. అయిదు నుంచి పది నిమిషాల్లో దాని పని అయిపోయి పేషెంట్ సొంతంగా ఊపిరి తీసుకుంటాడు.

అంత త్వరగా ఎలా పోతుందంటే, లివర్ తయారుచేసి రక్తంలోకి వదిలే ఒక ఎంజైమ్ ఉంది. దాన్నే సూడోకోలినెస్టరేజ్ అంటాం, బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అన్నా అదే. ఇచ్చిన స్కోలిన్‌లో ఎక్కువ భాగాన్ని కండరం దాకా చేరకముందే అది విరిచేస్తుంది. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ లేనివాళ్లలో మందంతా కండరానికి చేరి అక్కడే ఉండిపోతుంది. పది నిమిషాల పని గంటల తరబడి సాగుతుంది. నిద్రమందు మాత్రం దాని టైముకి అది దిగిపోతుంది. అంటే మనిషికి మెలకువ వచ్చేసింది, మాటలు వినపడుతున్నాయి, వేలు కూడా కదలదు. అందుకే ఇలా జరిగిందని గుర్తుపట్టగానే మేం చేసే మొదటి పని నిద్రమందు కొనసాగించడం. రెండోది, వెంటిలేటర్ మీద ఉంచి ఓపిగ్గా ఆగడం. దానంతటదే దిగుతుంది, తర్వాత ఏ లోపమూ మిగలదు. మీ మామయ్యకి రెండోది చేశారు, మొదటిది చెయ్యలేదనిపిస్తోంది.

ఇది జబ్బు కాదు. ఈ ఎంజైమ్ లేనివాళ్లు తింటారు, తిరుగుతారు, నూరేళ్లు బతుకుతారు. అమ్మకి స్కోలిన్ వద్దని ముందే తెలిస్తే రోక్యురోనియం లాంటి వేరే మందు వాడతారు. అది ఒంట్లోంచి పోవడానికి ఈ ఎంజైమ్ అక్కర్లేదు. ఆపరేషన్ వాయిదా వేసుకోవాల్సిన పనే లేదు.

సూర్యం_కాకినాడ

సైన్సు సరే మేడమ్. కానీ రోగిని కులం అడగడం నాకు మింగుడుపడట్లేదు. ఇవాళ మత్తు కోసం అడుగుతారు, రేపు ఇంకోదానికి అడుగుతారు. ఫలానా కులానికి ఫలానా లోపం అని పేపర్లో వచ్చిందంటే పెళ్లి సంబంధాల దగ్గరనుంచి ఇన్సూరెన్స్ దాకా అన్నిచోట్లా అదే పట్టుకుంటారు.

మాధవి_అనస్థీషియా

సూర్యం గారూ, మీ బాధ న్యాయమైనదే. మొదటి ప్రశ్న అది కాకూడదని నేనూ అంటాను. నా దగ్గరికొచ్చిన ప్రతి ఒక్కరినీ, ఏ కులమైనా ఏ మతమైనా, "మీకు గానీ, అమ్మానాన్న అన్నదమ్ములకి గానీ మత్తు ఇచ్చినప్పుడు ఏమైనా ఇబ్బంది వచ్చిందా?" అని అడుగుతాను. ఈ లోపం ప్రపంచంలో అన్ని జాతుల్లోనూ ఉంది, రకరకాల మ్యుటేషన్ల (జన్యువులో మార్పుల) వల్ల వస్తుంది. వైశ్యుల్లో మాత్రం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటకల్లో పనిచేసే మత్తు డాక్టర్లకి ఇది చదువుకునే రోజులనుంచీ తెలుసు. ఎమర్జెన్సీ సిజేరియన్‌కి అర్ధరాత్రి వచ్చిన పేషెంట్‌కి రిపోర్టు వచ్చేదాకా ఆగలేం. అలాంటప్పుడు ఆ ఒక్క ప్రశ్న అడిగి స్కోలిన్ పక్కన పెడతాం. ఎందుకు అడుగుతున్నామో అదే నోటితో చెప్పాలి. స్వాతి వాళ్లమ్మగారికి ఆ చెప్పడమే జరగలేదు.

పెద్దాయన_పాలకొల్లు

అమ్మాయీ, మేమూ వైశ్యులమే. మా ఇంట్లో నాలుగు తరాలుగా మేనరికాలే. మా ఆవిడ నాకు మేనత్త కూతురు. పిల్లలందరూ లక్షణంగా ఉన్నారు. వాసవీ మాత పెనుగొండలో 102 గోత్రాలవాళ్లతో అగ్నిప్రవేశం చేసిన నాటినుంచి మేనరికం మాకు కట్టుబాటు. ఈ మధ్య ప్రతి లోపానికీ మేనరికమే కారణమని టీవీల్లో చెప్పడం ఫ్యాషనైపోయింది. వినయ్ అని ఇక్కడ జన్యుశాస్త్రం కుర్రాడు ఒకడు రాస్తుంటాడు, అతను చెప్పాలి.

వినయ్_పరిశోధన

పిలిచారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను పెద్దాయన గారూ. ఈ విషయంలో మీరు సగం కరెక్టే.

బీసీహెచ్ఈ అనే జన్యువు మన మూడో క్రోమోజోమ్ మీద ఉంది. ఎంజైమ్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఈ గొలుసులో 307వ చోట ల్యూసిన్ ఉండాలి. డీఎన్ఏలో టీ అనే అక్షరం ఉండాల్సిన చోట సీ పడేసరికి అక్కడికి ప్రోలీన్ వచ్చి కూర్చుంటుంది. ప్రోలీన్ గొలుసుని ఒకచోట బిర్రుగా వంచేస్తుంది, దాంతో ఎంజైమ్ సరైన ఆకారంలో మడత పడదు. రక్తంలో వెతికితే దాదాపు ఏమీ దొరకదు. కోయంబత్తూరులో స్థిరపడ్డ వైశ్య కుటుంబాల మీద 2000 తర్వాతి సంవత్సరాల్లో జరిగిన పరిశోధనల్లో ఈ మార్పే బయటపడింది. ఎంజైమ్ అసలు లేనివాళ్ల ఆరోగ్యాన్ని కూడా ఆ పరిశోధకులే పరీక్షించారు. అందరిలాగే ఉన్నారు.

దాదాపు ప్రతి జన్యువూ మనకి రెండు ప్రతులుగా ఉంటుంది, అమ్మనుంచి ఒకటి, నాన్ననుంచి ఒకటి. రెండూ మారినవైతేనే ఎంజైమ్ పూర్తిగా ఉండదు. ఒకటే మారితే క్యారియర్. ఎంజైమ్ తగ్గుతుంది గానీ సరిపోతుంది.

ఇక వైశ్యుల్లోనే ఎందుకు ఎక్కువ? మేనరికం వల్ల అనుకుంటారు. అసలు కారణం అంతకంటే పాతది. ఎప్పుడో ఒక చిన్న గుంపునుంచి ఈ సమాజం పెరిగింది. ఆ కొద్దిమందిలో ఎవరికో ఒకరికి ఈ మార్పు ఉంది. బయటివాళ్లతో పెళ్లిళ్లు లేకుండా ఆ గుంపు లక్షలమంది అయ్యేసరికి ఆ మార్పూ వాళ్లతోపాటే పెరిగింది. దీన్ని ఫౌండర్ ఎఫెక్ట్ అంటారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థనుంచి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికానుంచి డేవిడ్ రైక్ బృందం కలిసి 2009లో నేచర్ పత్రికలో రాసిన వ్యాసంలో వైశ్యుల్లో ఇలాంటి ఘట్టం 100 తరాలకంటే ముందే జరిగిందని లెక్క తేల్చారు. 2017లో వాళ్లే 263 దక్షిణాసియా సమూహాలు చూస్తే, వాటిలో 81 సమూహాల్లో ఈ ప్రభావం యూరప్ యూదుల్లో, ఫిన్లాండ్ వాళ్లలో కంటే బలంగా కనపడింది. అందులో పది లక్షల జనాభా దాటినవే 14. వైశ్యులు ఒక్కరే కాదు, ఎన్నో కులాలు ఉన్నాయి. ఈ ఎంజైమ్ లోపం వైశ్యుల్లో ఇతరులకంటే దాదాపు నూరు రెట్లు ఎక్కువని ఆ వ్యాసమే గుర్తుచేసింది.

అంటే మీ అబ్బాయికి మేనరికం మానేసి, వేరే గోత్రం, వేరే జిల్లా, ముక్కూ మొహం తెలియని వైశ్య సంబంధం చేసినా ఈ ఒక్క జన్యువు విషయంలో క్యారియర్ ఎదురయ్యే అవకాశం తక్కువేం కాదు.

పెద్దాయన_పాలకొల్లు

102 గోత్రాలవాళ్లు పోయాక మిగిలినవాళ్లే ఆ చిన్న గుంపు అయ్యుండొచ్చా నాయనా? మా పురాణానికి ఇది సాక్ష్యం కాదా?

వినయ్_పరిశోధన

అలా కలపడానికి నాకు ధైర్యం లేదండీ. తరానికి పాతికేళ్లు వేసుకున్నా 100 తరాలంటే 2500 ఏళ్లు. పెనుగొండ కథలో రాజు విష్ణువర్ధనుడి కాలం దానికి చాలా ఇటువైపు. తరాలు ఎలా లెక్కపెడతారంటే, ఒకే పూర్వీకుడినుంచి ఇద్దరికి వచ్చిన డీఎన్ఏ ముక్కలు తరం తరానికీ తెగుతూ పొట్టివవుతాయి. ఇద్దరు దూరపు వైశ్యుల్లో ఒకేలా ఉన్న ముక్కల పొడవు చూసి ఎంతకాలం కిందటి సంబంధమో అంచనా వేస్తారు. ఆ ముక్కలకి రాజు పేరు, ఊరి పేరు తెలియవు. మీ నమ్మకానికి ఈ లెక్క అడ్డమూ కాదు, సాక్ష్యమూ కాదు.

స్వాతి_తెనాలి

అందరికీ చాలా థ్యాంక్స్. అమ్మ రిపోర్టు వచ్చింది. ఎంజైమ్ దాదాపు లేనట్టే ఉంది. మత్తు డాక్టరుగారు ఫైలు మీద ఎర్ర ఇంకుతో స్కోలిన్ వద్దు అని రాశారు. ఈసారి కూర్చోబెట్టి అంతా చెప్పారు కూడా.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మకి లేదు, మామయ్యకీ లేదన్నట్టేగా. మరి తమ్ముడికీ, మామయ్య కూతురికీ పెళ్లయితే పిల్లలకి ఖాయంగా వస్తుందా? నాన్న ఆ మాటమీదే కూర్చున్నారు.

వినయ్_పరిశోధన

స్వాతి గారూ, లెక్క చూద్దాం. మీ అమ్మగారి రెండు ప్రతులూ మారినవి. కాబట్టి మీకూ మీ తమ్ముడికీ అమ్మనుంచి వచ్చింది మారిన ప్రతే, తప్పదు. మామయ్యకి కూడా పరీక్షలో అదే తేలితే ఆయన కూతురికీ అంతే. నాన్నగారు, అత్తయ్యగారు క్యారియర్లు కాదనుకుంటే తమ్ముడూ మరదలూ ఇద్దరూ క్యారియర్లు. క్యారియర్లిద్దరికి పుట్టే ప్రతి బిడ్డకీ రెండూ మారిన ప్రతులు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. క్యారియర్ అయ్యే అవకాశం సగం. ఏ మార్పూ లేకుండా ఉండటానికి మిగిలిన పావు. ఇది ప్రతి కాన్పుకీ కొత్తగా వేసే లెక్క. మొదటి బిడ్డకి వచ్చిందని రెండో బిడ్డ తప్పించుకున్నట్టు కాదు, మొదటి బిడ్డ బాగుంటే రెండో బిడ్డకి రాసిపెట్టినట్టూ కాదు.

మాధవి_అనస్థీషియా

ఆ నాలుగింట ఒకటి నిజమే అయిందనుకుందాం. ఆ బిడ్డకి ఏమవుతుంది? జీవితంలో ఎప్పుడైనా పూర్తి మత్తు ఇవ్వాల్సొస్తే స్కోలిన్, మివాక్యూరియం అనే రెండు మందులు వాడకూడదు. మానసిక వైద్యంలో కరెంట్ ట్రీట్‌మెంట్‌కి స్కోలిన్ వాడతారు కాబట్టి అక్కడా చెప్పాలి. నడుముకి మామూలుగా ఇచ్చే స్పైనల్ మత్తు మందుకీ, పళ్ల డాక్టరు ఇచ్చే లిగ్నోకెయిన్‌కీ దీంతో సంబంధం లేదు. ఇంతే. ఈ ఒక్క కారణం చూపించి పెళ్లి ఆపడం ఆ పిల్లలిద్దరికీ అన్యాయం చేసినట్టే.

మేనరికం గురించి నాన్నగారి భయం వేరే దారిలో సబబే. ఏ సంబంధమూ లేని దంపతులకి పుట్టే వందమంది పిల్లల్లో ఇద్దరికో ముగ్గురికో ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది. మేనమామ, మేనత్త పిల్లల మధ్య పెళ్లయితే దానికి ఇంకో రెండు మూడు కలుస్తాయి. మేనమామనే చేసుకుంటే ఇంకా ఎక్కువ. పెద్దాయన గారి పిల్లలందరూ బాగున్నారంటే ఆశ్చర్యం లేదు, ఎక్కువమంది బాగానే ఉంటారు. కానీ ఏ జన్యువు ఎక్కడ దాక్కుందో తెలియనప్పుడు, దగ్గర బంధువులిద్దరి దగ్గరా అదే ఉండే అవకాశం పెరుగుతుంది. ఏదైనా అరుదైన మార్పు మీ తమ్ముడిలో ఉంటే మరదలిలో కూడా అదే ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. కాబట్టి ఈ ఎంజైమ్‌ని పక్కనపెట్టి, తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు) లాంటివాటికి ఇద్దరూ పరీక్ష చేయించుకోండి.

రఫీ_కర్నూలు

తలసీమియా అన్నారు కాబట్టి రాస్తున్నా. మా పెద్దోడికి బీటా తలసీమియా మేజర్. మేం మొగుడూపెళ్లాం బంధువులం కాదు. నాది కర్నూలు, ఆమెది హిందూపురం. ఏ తాతా కలవడు.

ఆమె కడుపుతో ఉన్నప్పుడు హిమోగ్లోబిన్ 9 ఉంది. ఐరన్ తక్కువని మాత్రలిచ్చారు. నెలలు వాడినా పెరగలా. రిపోర్టులో ఎర్రకణం సైజు చిన్నగా ఉందని రాసే ఉంది, ఎంసీవీ అని ఒక లైన్ ఉంటుంది, ఎవరూ దాన్ని పట్టించుకోలా. అప్పుడు హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షలో హిమోగ్లోబిన్ ఏ2 చూసుంటే క్యారియర్ అని అప్పుడే దొరికేది. 3.5 శాతం దాటితే క్యారియరేనని తర్వాత చెప్పారు. ఆమెకి తేలితే నాకు చేసేవాళ్లు. నాకూ అంతే ఉంది.

మావాడికి ఏడో నెలలో తెల్లగా పాలిపోయి పొట్ట ఉబ్బితే తెలిసింది. అప్పట్నుంచి మూడు వారాలకోసారి రక్తం. చెయ్యి పట్టుకుని నరం వెతుకుతుంటే వాడే "ఇక్కడ కాదు అన్నా, పోయినసారి ఇక్కడ ఉబ్బింది, ఈ చేతికి పెట్టు" అంటాడు, నర్సు పక్కన ఉండే అబ్బాయితో. ఎక్కించిన రక్తంతో ఐరన్ ఒంట్లో పేరుకుపోతుంది, అది గుండెకీ లివర్‌కీ పట్టకుండా రోజూ పొద్దున పరగడుపున డిఫెరాసిరాక్స్ మాత్ర నీళ్లల్లో కరిగించి తాగిస్తాం. ఆ సుద్దనీళ్ల రుచికి మొహం తిప్పుకుంటాడు.

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు 11వ వారంలో మాయనుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. ఆ రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ పాప అనీ బాబు అనీ మాట్లాడుకోలా. క్యారియర్ అని వచ్చింది. చెల్లెలు ఇప్పుడు బడికి పోతోంది.

స్వాతక్కా, మీ నాన్నకి చెప్పు. మీది ఫైలు మీద ఎర్ర ఇంకుతో తీరిపోయే సంగతి. మాదీ అదే నాలుగింట ఒకటి.

పెద్దాయన_పాలకొల్లు

నాయనా రఫీ, నీ బిడ్డ చల్లగా ఉండాలి. ఈ పరీక్ష పెళ్లికి ముందే చేయించమని మా సంఘంలో చెప్తాను. వివాహ పరిచయ వేదికలు పెడుతుంటాం, అక్కడే రక్తం తీసే ఏర్పాటు చేస్తే?

శ్రీ_డల్లాస్

పెద్దాయన గారి ఆలోచన లాంటిదే న్యూయార్క్ యూదుల్లో ఉంది. వాళ్లలో టే-శాక్స్ అనే జబ్బు ఎక్కువ. పుట్టిన కొన్ని నెలలకి పిల్లలు నేర్చుకున్నవన్నీ మర్చిపోయి, చూపు పోయి, నాలుగైదేళ్లలోపే పోతారు. ఆ జబ్బుతో నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్న జోసెఫ్ ఎక్‌స్టీన్ అనే రబ్బీ 1983లో డోర్ యెషోరిమ్ అనే సంస్థ పెట్టారు. బడిలో ఉండగానే పిల్లలకి రక్తపరీక్ష చేసి ఒక నంబరు ఇస్తారు, రిజల్టు చెప్పరు. సంబంధం అనుకున్నప్పుడు రెండు నంబర్లూ చెబితే కుదురుతుందో కుదరదో మాత్రం చెబుతారు. ఎవరు క్యారియరో ఊరందరికీ తెలియదు, ఆడపిల్ల మీద ముద్ర పడదు.

వినయ్_పరిశోధన

మంచి ఉదాహరణ. నాకు ఒక్క అభ్యంతరం ఉంది. సొంత శరీరం గురించిన సంగతి ఆ మనిషికే చెప్పకపోవడం నాకు నచ్చదు. పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లే జరిగే చిన్న సమాజంలో అది నడిచింది. మనవాళ్లలో ఇప్పుడు కొంతమంది ఆఫీసులో, కాలేజీలో చూసుకుని చేసుకుంటున్నారు. కులం దాటి చేసుకుంటున్నారు. కాబట్టి కాలేజీ వయసులోనే పరీక్ష చేసి, కాగితం వాళ్ల చేతికే ఇచ్చి, అర్థమయ్యేలా చెప్పే కౌన్సెలర్ ఉండాలి. పరిచయ వేదికలో అందరి ముందూ రక్తం తీస్తే, ఎవరికి ఏం వచ్చిందో సాయంత్రానికి పందిరంతా తెలుస్తుంది.

గంగుబాయి_ఉట్నూరు

నేను సబ్‌సెంటర్ల పనిచేస్త. వినయ్ సారు చెప్పింది మా దగ్గర కండ్లార చూస్తున్నం. మాది సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి లెక్క వంకర తిరిగే రక్తం జబ్బు) ఉన్న ఏరియా. ఆదిలాబాద్ గూడేలల్ల గోండోళ్లకు, కొలామోళ్లకు ఉంటది, ఆంధ్రల పాడేరు దిక్కు గూడ ఉన్నది. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది, 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలన్నరు. 2047 కల్లా ఈ జబ్బు లేకుండ చెయ్యాలని టార్గెట్.

వేలు మీద పొడిసి రక్తం తీసి ముందు సాల్యుబిలిటీ టెస్ట్ చేస్తం. ద్రావణం మబ్బుగ అయి వెనక గీతలు కనపడకపోతే అనుమానం. అప్పుడు పెద్ద పరీక్షకు పంపుతం. క్యారియర్ ఉంటే కార్డు ఇస్తం. కార్డు ఇచ్చుడు అల్కగనే అయితది. దాని తర్వాతనే కష్టం. ఒక పిల్ల కార్డు తీసుకపోయి బియ్యం డబ్బల దాచిపెట్టింది, అత్తగారోళ్లు చూస్తరని. క్యారియర్‌కు నొప్పి లేదు, జ్వరం లేదు, మంచిగ పొలం పనికి పోతది. ఇద్దరు క్యారియర్లు చేసుకుంటెనే పిల్లలకు కష్టం. గూడెంల మగోళ్లకు గూడ అంతే మందికి ఉంటది, అయినా అడిగేది ఆడపిల్లనే. నేను ఇప్పుడు ఆలుమగలిద్దరినీ కూసోబెట్టకుండ కార్డు చేతికియ్య.

జబ్బున్న పోరగాండ్లకు చలి తగిలినా నీళ్లు తక్కువ తాగినా కాళ్లు చేతులు విరిచినట్టు నొప్పులు లేస్తయి. హైడ్రాక్సీయూరియా గోళీలు రోజూ మింగితె చానా తగ్గుతయి. గోళీలు బందు పెట్టొద్దని ఇంటింటికి తిరిగి చెప్తున్న.

వినయ్_పరిశోధన

గంగుబాయి గారు రాసినదానికి ఒక్క ముక్క కలుపుతాను. గూడేల్లో సికిల్ ఎక్కువుండటం దగ్గరి పెళ్లిళ్ల వల్ల కాదు. హిమోగ్లోబిన్ గొలుసులో ఆరోచోట గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ పడటమే సికిల్. ఒక్క ప్రతి మారినవాళ్లకి తీవ్రమైన మలేరియానుంచి రక్షణ ఉంటుంది. అడవి మలేరియాలో అలాంటి పిల్లలే ఎక్కువమంది బతికి బట్టకట్టారు, వాళ్లతోపాటు ఆ మార్పూ నిలిచింది. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. వైశ్యుల ఎంజైమ్‌కి అలాంటి లాభం ఏదీ కనపడలేదు, నష్టమూ లేదు, కాబట్టి అలా మిగిలిపోయింది. రెండింటిలోనూ మారింది ఒక్క అక్షరమే.

క్యాజువాలిటీ_నైట్

గుంటూరు జిల్లాలో ఎమర్జెన్సీలో చేస్తాను. ఈ ఎంజైమ్ గురించి ఇంకో చోట కూడా జాగ్రత్త కావాలి, ఇది చాలామందికి తట్టదు. పురుగుమందు తాగిన కేసులు మాకు ఎక్కువ. ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఇదే ఎంజైమ్‌ని పనిచేయకుండా ఆపేస్తాయి. కాబట్టి రక్తంలో కోలినెస్టరేజ్ తక్కువుంటే విషం అనుకుంటాం. పురుగుమందుల షాపు నడిపే వైశ్య యజమాని ఒకాయన వాంతులు, కళ్లు తిరగడంతో వచ్చారు. రిపోర్టులో ఎంజైమ్ లేనే లేదు. షాపులో ఏదో పీల్చారని ఇంట్లోవాళ్లు గగ్గోలు. కానీ కంటిపాప సూదిమొనలా లేదు, నోట్లో నురగ లేదు, చెమట లేదు. గుండె వేగం మామూలుగానే ఉంది. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ మొదలుపెట్టకుండా ఆగి, ఎర్రకణాల్లో ఉండే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ చేయించాం. అది వేరే జన్యువు తయారుచేసేది, విషమైతే అదీ పడిపోవాలి. నార్మల్‌గా వచ్చింది. ఆయనకి ఉన్నది చెవి సమస్య వల్ల వచ్చిన తల తిరుగుడు. స్వాతి వాళ్లింట్లో ఎంజైమ్ లేనివాళ్లు ఈ సంగతి కూడా ఫైల్లో రాసుకోవాలి. విషమైతే రోజులు, వారాల్లో ఎంజైమ్ మళ్లీ పెరుగుతుంది. పుట్టుకతో లేనిది ఎప్పుడు చూసినా లేనట్టే ఉంటుంది.

భాను_విశాఖ

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. అన్ని మ్యుటేషన్లూ తాతముత్తాతల నుంచే వస్తాయా? మా బాబుకి అకాండ్రోప్లేసియా, పొట్టిగా ఉంటాడు. మా రెండువైపులా ఎవరూ పొట్టివాళ్లు లేరు. మా అత్తగారు "మీవైపు ఎవరో ఉండే ఉంటారు" అని ఇప్పటికీ అంటుంటారు.

వినయ్_పరిశోధన

భాను గారూ, మీవైపూ ఎవరూ ఉండక్కర్లేదు, ఆవిడ వైపూ ఎవరూ ఉండక్కర్లేదు. ప్రతి బిడ్డా అమ్మానాన్న ఇద్దరిలోనూ లేని కొత్త మార్పులు అరవై డెబ్భై దాకా తెచ్చుకుంటుంది. చాలావాటి వల్ల ఏమీ కాదు. వీర్యకణాలు జీవితాంతం విభజన చెందుతూనే తయారవుతాయి కాబట్టి వాటిలో ఎక్కువ నాన్ననుంచే వస్తాయి, వయసు పెరిగేకొద్దీ పెరుగుతాయి. ఐస్‌లాండ్ కుటుంబాల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో తండ్రి వయసు ఏడాది పెరిగితే సుమారు రెండు మార్పులు పెరుగుతాయని తేలింది. అకాండ్రోప్లేసియాలో ఎక్కువ కేసులు ఇలా కొత్తగా వచ్చినవే, ఒక్క ప్రతి మారినా కనపడుతుంది. అత్తగారికి ఈ పోస్టు చూపించండి. మీ తప్పూ లేదు, మీ ఆయన తప్పూ లేదు.

స్వాతి_తెనాలి

అమ్మ ఆపరేషన్ అయిపోయింది. మామూలు టైముకే బయటికి తెచ్చారు, సాయంత్రం ఇడ్లీ తింది. మామయ్య కూడా పరీక్ష చేయించుకున్నాడు, ఆయనకీ ఎంజైమ్ లేదు. రిపోర్టు చేత్తో పట్టుకుని అందరికీ చూపించి "నేను చెప్తే నమ్మారా?" అంటూ ఏడ్చేశాడు. మా అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

తమ్ముడూ, మామయ్య కూతురూ వాళ్లంతట వాళ్లే జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్లారు. ఇద్దరికీ తలసీమియా పరీక్ష మామూలుగా ఉంది. మిగతా జన్యువులకి పెద్ద పరీక్ష పంపారు, అది రావడానికి వారాలు పడుతుందట. అప్పటిదాకా ముహూర్తం మాటెత్తొద్దని మరదలే మా నాన్నకి చెప్పింది. ఆయన సరేనన్నారు.

శ్రీ_డల్లాస్

సంతోషం స్వాతి గారూ. నేనూ పరీక్ష చేయించుకోవాలనుకుంటున్నా. ఇక్కడ డాక్టర్లకి వైశ్యుల సంగతి తెలియదు. లాలాజలం పంపే కిట్‌లో తెలుస్తుందా? తెలిస్తే ఒంటి మీద ఏం పెట్టుకోవాలి?

మాధవి_అనస్థీషియా

ఆ కిట్ల మీద ఆధారపడకండి. వాళ్లు చూసే మార్పుల జాబితాలో మనవాళ్ల మార్పు లేకపోతే బాగుందనే వస్తుంది. రక్తంలో ఎంజైమ్ ఎంత పనిచేస్తోందో చూసే పరీక్షే చేయించుకోండి. లివర్ జబ్బు, గర్భం, కొన్ని మందుల వల్ల కూడా కాస్త తగ్గుతుంది కాబట్టి తక్కువొస్తే ఇంకోసారి చూస్తారు. లేదని తేలితే మెడికల్ అలర్ట్ బ్రేస్‌లెట్ మీద "సూడోకోలినెస్టరేజ్ లోపం, సక్సినైల్‌కోలిన్ వద్దు, మివాక్యూరియం వద్దు" అని ఇంగ్లీషులో చెక్కించండి. ఫోన్ లాక్ ఉన్నా కనపడే ఎమర్జెన్సీ వివరాల్లో కూడా రాయండి. మీ అక్కచెల్లెళ్లకి, అన్నదమ్ములకి కూడా చెప్పండి. మీకు లేదంటే తోడబుట్టిన ఒక్కొక్కరికీ నాలుగింట ఒక అవకాశం ఉంది, వాళ్లలో ఎవరైనా కాన్పుకి సిద్ధంగా ఉంటే ముందు వాళ్లకి ఫోన్ చెయ్యండి.